రెండొందల గంటలు

ఆమె ఏ వస్తువునైనా కళ్లతో చూడకముందే వేలి కణుపుతో కొట్టి చూసేది. కుడిచేతి నడిమి వేలు మడిచి రెండుసార్లు కొట్టేది. కుడి చెవిని అటు వంచి, ఆ చప్పుడు పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు మాట చెప్పేది. "గొంతున్నది" అంటే సరుకు మంచిదని. "గొంతు లేదు" అంటే లోపల ఎక్కడో పగులు ఉందని.

తాండూరులో ఆమెకు నాపరాళ్ల వ్యాపారం. బండ పైకి ఎంత నున్నగా ఉన్నా లోపల వెంట్రుకవాసి పగులు ఉంటే లారీలోంచి దించేటప్పుడు రెండు ముక్కలవుతుంది. ఆ పగులు కంటికి కనబడదు, చెవికి దొరుకుతుంది. నిలబెట్టిన బండల వరుస వెంట నడుచుకుంటూ, ఒక్కొక్కదాన్నీ కొట్టుకుంటూ, పనికిరానిదాని మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీసేది. ఆ గీత పడ్డ బండను మళ్లీ ఆమె ముందు పెట్టే ధైర్యం క్వారీవాళ్లకు ఉండేది కాదు.

ఈ అలవాటు బండల దగ్గర ఆగలేదు. పుచ్చకాయలు సరే, అందరూ కొడతారు. ఆమె రైల్లో కిటికీ చువ్వలను కొట్టేది, టిఫిన్ డబ్బా మూత తీసేముందు డబ్బాను కొట్టేది. ఒకసారి ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లి, పసుపు కుంకుమలు పెట్టిన కొత్త తలుపును కొట్టి, "చెక్క ఎండలే. వానలల్ల ఇరుక్కుంటది" అన్నదట. ఆ ఇంటివాళ్లు ముఖం మాడ్చుకున్నారట. వానాకాలం వచ్చింది, తలుపు ఇరుక్కుంది. ఈ కథ నాకు చెప్పినప్పుడు ఆమెకు గర్వం కన్నా సిగ్గే ఎక్కువ కనబడింది. "ఊకుంటె అయిపోవు గద సారూ, నోరాగలే" అన్నది.

ఆమె చనిపోయి నెల దాటింది. నాకు చెప్పింది తాండూరు స్టేషన్లో చాయ్ అమ్మే మనిషి. "సారూ, బండలక్క పోయింది, ఎర్కేనా? మొన్న బేస్తారం. గుండెపోటట" అన్నాడు గ్లాసు అందిస్తూ. నేను చాయ్ తాగి, రైలెక్కి, వికారాబాద్ వెళ్లి, ఆ రోజు రెండు క్లాసులు చెప్పాను. ఆమె మంచితనం గురించి చెప్పడానికి ఊళ్లో చాలామంది ఉన్నారు. నేను చెప్పాల్సింది వేరు. అది నాకు తప్ప ఎవరికీ తెలియదని చాలాకాలం అనుకున్నాను.

నేను వికారాబాద్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఇల్లు తాండూరులో. రోజూ పొద్దున రైలు. అనంతగిరి దిక్కున ఫామ్‌హౌసులు లేవడం మొదలయ్యాక ఆమె వికారాబాద్‌లో కూడా ఒక చిన్న యార్డు పెట్టింది. మంగళవారం, శుక్రవారం నేనెక్కే రైలుకే వచ్చేది. మగవాళ్లు పెట్టుకునే పెద్ద గడియారం చేతికి, చంకకు ఒక గుడ్డసంచి. అందులో జొన్నరొట్టెలు, పుంటికూర, సుద్దముక్కలు. రుక్మాపూర్ దాటగానే డబ్బా తీసి, ఎదురుగా ఎవరుంటే వాళ్లకు రొట్టె తుంచి పెట్టేది. వద్దంటే ఒప్పుకునేది కాదు. ఆమె పుట్టింది సేడంలో కాబట్టి మాట చివర "హౌదా?" అని కన్నడంలో తగిలించేది. అది ప్రశ్న కాదు. మనం ఔనన్నా కాదన్నా ఆమె మాట ముందుకే పోయేది.

భర్త ఎప్పుడు పోయాడో, వ్యాపారం ఆమె చేతికి ఎలా వచ్చిందో నాకు సరిగా తెలియదు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అత్తగారు ఆమె దగ్గరే ఉంటుందని, బిడ్డ జహీరాబాద్‌లో టీచరని మాత్రం తెలుసు.

మా పరిచయం నా పిచ్చితో మొదలైంది. పాటలు మంచి శబ్దంతో వినడం నా పిచ్చి. ఫోనుకు నేరుగా హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నాకు చాలదు. మధ్యలో అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన ఇంకో డబ్బా ఉండాలి. హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ అంటారు, శబ్దానికి బలమిచ్చే డబ్బా అనుకోండి. ఫోనూ డబ్బా కలిపి రబ్బరు బ్యాండు వేసి, వైర్లు వేలాడేసుకుని కూర్చునేవాణ్ని. ఒక మంగళవారం ఆమె ఎదుటి సీట్లోంచి వంగి ఆ డబ్బాను టక్ టక్‌మని కొట్టింది.

"గిదేంది సారూ, గుండెకు పెట్టుకునే మిషనా?"

కాదని చెప్పి, హెడ్‌ఫోన్ ఆమెకిచ్చాను. ఆమె విన్నది నా పాట కాదు. తన ఫోను తీసి, "దీన్ల ఒకటుంది, గిది పెట్టు" అన్నది. అది వాళ్లమ్మ గొంతు. సేడంలో ఇంటి ముందర కూర్చుని ఆకుకూర ఏరుకుంటూ ఏదో కన్నడ పాట పాడుకుంటుంటే ఆమె పాత ఫోన్లో పట్టిందట. తల్లి పోయి నాలుగేళ్లయింది. ఫోను స్పీకర్లో అది ఈగలు ముసిరినట్టు ఉండేది. నా డబ్బాలోంచి విన్నప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. ధారూరు స్టేషను వచ్చింది, పోయింది. కళ్లు తెరవలేదు.

"గాజులు ఇనబడ్తున్నయ్ సారూ," అన్నది చివరికి. "ఆకు తుంచేటప్పుడు గాజులు. అమ్మ ఈడ కూసున్నది." రెండు కనుబొమల మధ్య వేలు పెట్టి చూపించింది. "నడిమిట్ల."

అది నిజమే. ఒకే మైకుతో పట్టిన గొంతు రెండు చెవుల్లోనూ సమానంగా పడితే తల మధ్యలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. నేను ఆ సంగతి ఆమెకు బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆ బొమ్మ గీసిన చెయ్యి నాదే అన్నది గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

తనకూ అలాంటి డబ్బా కావాలంది. డబ్బానూ, దానికో హెడ్‌ఫోన్‌నూ నేనే ఎంచి తెప్పించాను. ఇచ్చే రోజున ఉపదేశం కూడా చేశాను.

"కొత్తదాన్ని ఎంబడే నమ్మొద్దక్కా. రెండొందల గంటలు పాడనియ్యాలె. అప్పటిదాక దాని అసలు గొంతు బయటపడది."

"అంటే పెట్టె లోపట ఏం మారుతది?"

"లోపట కెపాసిటర్లని ఉంటయ్. కరెంటు పారంగ పారంగ అవి కుదురుకుంటయ్."

ఆమె తన కాలి చెప్పు వైపు చూసింది. "కొత్త చెప్పు కరుస్తది సారూ. పది దినాలైతె కరువది. మరి చెప్పు మెత్తవడ్డదా, కాలు గట్టివడ్డదా?"

నేను నవ్వి, "రెండు" అన్నాను.

"రెండంటే నీకు తెల్వదన్నట్టు, హౌదా?" అన్నది. కిటికీవైపు తిరిగి తనూ నవ్వుకుంది.

నిజంగానే నాకు తెలియదు. ఇంటర్నెట్లో నాలాంటి పిచ్చివాళ్లు రాసుకునే చోట చదివాను. ఒకడు నూరు గంటలంటాడు, ఒకడు నాలుగొందలంటాడు. నేను రెండొందల దగ్గర ఆగాను. తర్వాత నేనూ రాయడం మొదలుపెట్టాను. ఏ డబ్బా ఎన్ని గంటలకు ఎలా విచ్చుకుందో నోటుపుస్తకంలో రాసుకుని అక్కడ పెట్టేవాణ్ని. కొత్తవాళ్లు నన్ను అడిగేవారు. అడిగించుకోవడం బాగుండేది. క్లాసులో పిల్లలకు ఏదీ కొలవకుండా నమ్మొద్దని చెప్పేవాణ్ని. ఈ ఒక్కదాన్నీ నేను ఎప్పుడూ కొలవలేదు.

మొదటి వారం ఆమె రైల్లో నివేదిక ఇచ్చేది. "మొన్నటికన్న మంచిగైంది సారూ." నేను గంటలెన్నయ్యాయని అడిగేవాణ్ని. ఆమె చెప్పేది. నేను చూశారా అన్నట్టు తల ఊపేవాణ్ని.

రెండో వారం మంగళవారం ఆమె రైలెక్కగానే చెప్పింది. "సారూ, అమ్మ నడిమిట్ల లేదు. ఎడమ దిక్కుకు జరిగింది. కుడి దిక్కు దూది కుక్కినట్టున్నది. పొద్దుగాల లేసినకాడ్నుంచి గట్లనే ఉంది."

"ఎన్ని గంటలైనయ్?"

"ముప్పై, నలభై అయితయేమో."

"ఇంక కుదురుకోలే అక్కా. ఒక్కోసారి ఒక దిక్కు ముందు తెరుసుకుంటది, ఇంకో దిక్కు ఎన్క. రెండొందలు కానియ్యుండ్రి."

ఒక దిక్కు ముందు తెరుచుకుంటుందని నేను ఎక్కడా చదవలేదు. ఆ క్షణంలో నోటికి వచ్చింది, అనేశాను.

హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకుంటే తేలిపోయేది. కుడిది ఎడమ చెవికి, ఎడమది కుడి చెవికి. ఆ దూది ఎడమ చెవికి మారితే తప్పు డబ్బాదో హెడ్‌ఫోన్‌దో. మారకుండా కుడి చెవిలోనే ఉంటే తప్పు చెవిది. అరనిమిషం పని. నాకు ఆ సంగతి తెలియక కాదు. ల్యాబులో మీటరు తప్పు చూపిస్తే పిల్లలతో నేను మొదట చేయించేది వైర్లు అటుదిటు మార్చడమే. ఆ రోజు ఆ పని చెయ్యనివ్వలేదు. తిప్పితే డబ్బా పాడైందని తేలుతుందేమో, నేను ఎంచి ఇచ్చిన డబ్బా ఆమె ముందు గొంతు లేనిదని తేలుతుందేమో అన్న భయం. చెవి పాడై ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చిందేమో, రానివ్వలేదేమో. ఇప్పుడు నాకు కూడా సరిగా తెలియడం లేదు.

శుక్రవారం వచ్చింది. అంతే ఉందన్నది. వినని వేళలో కూడా పాడించమని చెప్పాను. ఆమె అలాగే చేసింది. ఛార్జింగు వైరు లోపలికి పెట్టి, బీరువాలో చీరల మధ్య పాత ఫోనూ హెడ్‌ఫోనూ తగిలించిన డబ్బాను పడుకోబెట్టి, తల్లి పాటను తిప్పి తిప్పి పాడేట్టు పెట్టి పనికి పోయేదట. "మా అత్త పరేషాన్ అయితుంది సారూ. బీరువల ఎవరో గొణుగుతున్నరంటది" అని నవ్వింది. నవ్వాక ఇంకోమాట చెప్పింది. "తీసి పక్కకు పెట్టినా చెవుల గుయ్యిమంటనే ఉంటది. మొన్న లేసి నిలబడితె జర కండ్లు తిరిగినయ్."

"పాలిష్ మిషన్ల నడుమ ఉంటరు గదక్కా రోజంత," అన్నాను.

"గది ముప్పై ఏండ్లసంది ఉన్నదే గద," అన్నది. నేను ఫోనులోకి చూసుకున్నాను.

మరో మంగళవారం గడిచింది, మరో శుక్రవారం గడిచింది. ఆమె అడగడం తగ్గించింది. నాకది హాయిగా ఉండింది.

మొదటిసారి చెప్పిన రోజు నుంచి పద్దెనిమిదో రోజు, శుక్రవారమే. రైలు గొడంగూడ దగ్గర నెమ్మదించింది. ఆమె ఎడమచేత్తో రొట్టె డబ్బా పట్టుకుని ఉంది. ఫోను మోగింది. కుడిచేత్తో తీసి కుడి చెవికి పెట్టుకుంది.

"హలో. ఆఁ, హలో. ఎవరు? మాట్లాడుండ్రి."

ఫోనులోంచి ఒక మగగొంతు నాకు వినబడుతోంది. ఎదుటి సీట్లో ఉన్న నాకు మాట మాట వినబడుతోంది. యార్డు కాడ లారీ వచ్చింది అక్కా, ఏడ దించమంటరు, అంటున్నాడు అతను.

"హలో. ఎవరు మాట్లాడ్తలేరు సారూ, లైను కటైనట్టుంది," అన్నది నాతో. ఫోను ఇంకా చెవికే ఉంది. అతను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

నా ముఖంలో ఏం కనబడిందో, ఆమె ఫోను దించి నన్నే చూసింది. తర్వాత మెల్లగా రొట్టె డబ్బా సీటు మీద పెట్టి, ఫోను ఎడమ చేతిలోకి మార్చుకుని ఎడమ చెవికి పెట్టుకుంది. "ఆఁ, ఇనబడ్తుంది. గేటు పక్క దించుండ్రి" అన్నది. పెట్టేసింది. కుడి చెవి మీద అరచేయి ఉంచి కొంచెంసేపు అలాగే కూర్చుంది. భయపడ్డట్టు లేదు. లెక్క తప్పిన మనిషిలా ఉంది.

"పెట్టె కాదు సారూ," అన్నది. "నేను."

ఆ రోజు వికారాబాద్‌లో ఆమెను దిగనివ్వలేదు. కాలేజీకి ఫోన్ చేసి రానని చెప్పి, అదే రైల్లో పట్నం తీసుకుపోయాను. చెవి డాక్టరు దగ్గర రెండు గంటలు కూర్చున్నాం. గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. డాక్టరు వయసులో చిన్నవాడు, ఓపిక ఉన్నవాడు. చెవి నరం దెబ్బతిన్నదని, ఉన్నట్టుండి కొందరికి ఇలా అవుతుందని, కారణం చాలాసార్లు తెలియదని చెప్పాడు.

"ఎప్పటినుంచి ఉందమ్మా?"

"పద్దెనిమిది దినాలాయె."

ఆయన రాయడం ఆపాడు. "మొదటి రెండు మూడు రోజుల్లో రావాల్సింది. వెంటనే మందులు మొదలుపెడితే చాలామందికి కొంతైనా తిరిగొస్తుంది. అందరికీ వస్తుందని చెప్పలేను. ఇప్పుడు కూడా ఇంజెక్షన్లు చేద్దాం, కానీ ఆశ తక్కువ. ఇన్ని రోజులు ఎందుకు ఆగారు?"

నేను ఆమె పక్క కుర్చీలో ఉన్నాను. ఆమె నావైపు తిరగలేదు.

"బండల పని సారూ మాది. మిషన్ల చప్పుడుకు గట్లనే ఉంటదనుకున్న. పనిల పడి పట్టించుకోలే."

డాక్టరు నావైపు చూశాడు, ఇంటిమనిషి ఏమైనా చెప్తాడేమోనని. నేను బల్ల మీద ఉన్న ప్లాస్టిక్ చెవి బొమ్మను చూస్తూ కూర్చున్నాను.

తర్వాత నాలుగు వారాలు ఇంజెక్షన్లయ్యాయి. రెండుసార్లు నేనే వెంట వెళ్లాను. ఏమీ తిరిగి రాలేదు. అందరికీ వస్తుందని చెప్పలేను అని డాక్టరు అన్న మాటను నేను చాలాకాలం జేబులో పెట్టుకు తిరిగాను. మొదటి రోజే పోయినా వచ్చేది కాదేమో అని నాకు నేను చెప్పుకోవడానికి ఆ మాట బాగా పనికొచ్చింది. వచ్చేదేమో అన్నది కూడా అంతే నిజం.

ఆ డబ్బాను వెనక్కి తీసుకుంటానని ఒకరోజు అడిగాను. ఆమె ఇవ్వలేదు. ఒక్క చెవితో వింటానంది. కిటికీలోంచి చూస్తూ, "రెండొందలు దాటినయ్ సారూ" అన్నది. ఆమె నన్ను ఎత్తిపొడిచిందా, ఊరికే లెక్క చెప్పిందా అన్నది ఆ గొంతును బట్టి నేను పట్టుకోలేకపోయాను. ఆమె ముఖంలోకి చూసి ఉంటే తెలిసేదేమో. చూడలేదు.

ఆమె బండలను ఎడమ చెవితో వినడం నేర్చుకుంది. అంతకుముందు వరుసకు ఏ చివరనుంచి మొదలుపెట్టేదో దానికి ఎదురు చివరనుంచి నడవడం మొదలుపెట్టింది. ఒకరోజు వికారాబాద్ యార్డుకు ఆమె వెంట వెళ్లాను. ఒక బండను కొట్టి, ఆగి, మళ్లీ కొట్టి, ఇంకోసారి కొట్టి, సుద్దముక్క పట్టుకుని నిలబడింది. గీత గీయలేదు. పక్కనున్న హమాలీని పిలిచి, "నువ్వొకపారి కొట్టి చూడు" అన్నది. ముప్పై ఏళ్లలో ఆమె ఆ మాట ఎవరినీ అడిగి ఉండదు. అతను కొట్టి, "మంచిగనే ఉందక్కా" అన్నాడు. ఆమె సరేనని ముందుకు నడిచింది. నేను కాలేజీకి టైమవుతుందని చెప్పి వచ్చేశాను.

తర్వాత నేను చేయాల్సిన పరీక్ష చేశాను. ఆమెకు ఇచ్చినటువంటి డబ్బానే కొత్తది ఒకటి తెప్పించి, నా దగ్గర మూడొందల గంటలు పాడిన పాతదాన్ని పక్కన పెట్టి, మా కెమిస్ట్రీ లెక్చరర్‌ను గుడ్డ వెనకాల కూర్చోబెట్టి మార్చి మార్చి పెట్టమన్నాను. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పడానికి ముప్పైసార్లు ప్రయత్నించాను. నాణెం ఎగరేసి చెప్పినా అంతే సరిగా చెప్పేవాణ్ని. మారింది నా చెవి, నా అలవాటు. చెప్పు మెత్తబడలేదు, కాలే గట్టిపడింది. ఇంటర్నెట్లో నేను రాసినవన్నీ తీసేశాను. ఎందుకు తీసేశానో రాయలేదు. రాస్తే మిగతాదీ రాయాల్సి వచ్చేది.

ఆమెకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెవి పోయాక రైల్లో నేనెప్పుడూ ఆమెకు ఎడమపక్క కూర్చునేవాణ్ని, మాట వినబడాలని. ఒక మంగళవారం ఆమె పక్కన కుడివైపు సీటు ఖాళీగా ఉంది. ఎడమవైపూ ఖాళీ ఉంది. నేను కుడివైపు కూర్చున్నాను. రైలు ఊపు మీద ఉంది, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, ఆమె బయటికి చూస్తోంది. అప్పుడు చెప్పాను. తిప్పి పెట్టుకోమని చెప్పకపోవడం చెప్పాను. ఒక దిక్కు ముందు తెరుచుకుంటుందన్నది నేను కల్పించి చెప్పిన మాటని చెప్పాను. డాక్టరు ముందు నోరు తెరవలేదని చెప్పాను. నా తప్పు అక్కా, అని కూడా అన్నాను. మామూలు గొంతుతోనే అన్నాను. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టి ఉంటుంది.

ఆమె ఇటు తిరిగింది. "ఏమన్న అంటివా సారూ?"

"ఏం లేదక్కా. ధారూరు దాటినమంటున్న."

"హౌదా," అన్నది. సంచిలోంచి రొట్టె తీసి తుంచి నాకు పెట్టింది.

తిన్నాను. ఆ తర్వాతి నెలనుంచి నేను దానికన్నా ముందు బయల్దేరే రైలుకు మారాను. కాలేజీ టైము మారిందని చెప్పాను. అది అబద్ధం. దాదాపు ఏడాది ఆమెను స్టేషన్లో దూరంనుంచి చూసిందే తప్ప మాట్లాడింది లేదు. తర్వాత చాయ్ మనిషి ఆ మాట చెప్పాడు.

వాళ్లింటికి వెళ్లడానికి నాకు మూడు వారాలు పట్టింది. జహీరాబాద్‌లో ఉండే బిడ్డ ఇంకా ఇక్కడే ఉంది. ఇరవై ఆరేళ్లుంటాయి. తల్లి పోలికే, ముఖ్యంగా మాట వినేటప్పుడు కదలకుండా ఉండటం. నన్ను కూర్చోబెట్టి చాయ్ తెచ్చింది. నేను మొదట అడిగిన ప్రశ్న ఎలా జరిగిందని. పరామర్శకు వచ్చినవాళ్లందరూ అడిగేదే, కానీ నేను అడిగింది అందుకు కాదు. ఏ బండి చప్పుడో వినబడక జరగలేదు కదా అని తెలుసుకోవాలి నాకు. ఇంట్లోనే, మంచం మీద, ఛాతిల నొప్పి అన్నదట. దవాఖానకు చేరేలోపే పోయిందట. ఆ మాట విని నా గుండె కొంచెం తేలికపడింది. ఆమె చావు సంగతి వింటూ తేలికపడ్డాను.

"అమ్మ చెవి పోయినప్పుడు మీరే పట్నం తీస్కపోయిన్రట గద సార్," అన్నది ఆ అమ్మాయి. "అందరికీ చెప్పేది. సారు ఆ దినం రైలు దిగనియ్యలే, లేకుంటె ఇంకో నెల గట్లనే తిరిగేదాన్ని అని."

అప్పుడు చెప్పేశాను. ఈసారి ఎదురుగా కూర్చుని, ఆ అమ్మాయి కళ్లలోకి చూడలేకపోయినా, ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అయ్యాక అడిగింది.

"అమ్మకు తెల్సా?"

"చెప్పిన." చాయ్ గ్లాసు కింద పెట్టాను. "ఇనబడని దిక్కు కూసొని చెప్పిన."

ఆ అమ్మాయి తల వంచుకుని ఆ గ్లాసును పక్కకు జరిపింది. ఏడుస్తుందనుకున్నాను. తల ఎత్తినప్పుడు కళ్లు పొడిగానే ఉన్నాయి.

"అమ్మ ఉన్నప్పుడు అమ్మకు చెప్పలే. ఇప్పుడు నాకు చెప్తున్రు. నేనేం జేయాలె సార్ దీన్ని?"

క్షమించమని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అదీ ఆమె మీద ఇంకో బరువు పెట్టడమే అనిపించి మింగేశాను.

లోపలినుంచి గోడ పట్టుకుని ఎవరో నడిచి వస్తున్న చప్పుడయింది. ఆ అమ్మాయి గబుక్కున గొంతు తగ్గించింది. "నాయినమ్మ. ఆమెకు చెప్పకుండ్రి. మా కోడలి కోసం పనిడిసిపెట్టి ఉరికిండని మీ మాట చెప్పుకుంటది. ఉన్నన్ని దినాలు గట్లనే ఉండనియ్యుండ్రి."

ముసలమ్మ వచ్చి నా ముందు నిలబడింది. ఎవరని అడిగింది. కాలేజీ సారని మనవరాలు చెప్పింది. ఆ మాట వినగానే ఆమె వంగి నా రెండు చేతులూ పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది. "సల్లగుండు కొడుకా," అన్నది. "నా కోడలికి తమ్ముని లెక్క నిలబడ్డవు. ఆమె పెయ్యిల పానమున్నన్ని దినాలు నిన్నే తల్సింది."

చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ అమ్మాయి నావైపే చూస్తోంది. లాక్కోలేదు.

"తినకుంట పోవద్దు," అని ముసలమ్మ నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. కంచం పెట్టారు. కూర్చున్నాను. ఆ అమ్మాయే వడ్డించింది. రెండోసారి అన్నం పెట్టేటప్పుడు చాలన్నాను. చాలా వద్దా అన్నది నా చేతిలో లేదన్నట్టు ఇంకో గరిటె పెట్టింది. ముసలమ్మ పక్కనే కూర్చుని చూస్తుంటే, ఒక్క మెతుకు మిగల్చకుండా తిని లేచాను.